పూడ్చిన బోదె, దాక్కున్న సూర్యదేవత

ప్లంబర్ని కాదు

నేను అమెరికాలో ముప్పై ఏళ్లకు పైగా వాననీటి ఇంజనీరుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. మన తెలుగువాళ్ల పుట్టినరోజు పార్టీల్లో "మీరేం చేస్తారాంటీ?" అని ఎవరైనా అడిగితే, "ఒక స్థలంలో బిల్డింగు కడితే అక్కడ పడిన వాన ఎటు పోవాలో చెప్తాను" అనేదాన్ని. కాసేపు ఆలోచించి, "ఓ, ప్లంబింగా?" అనేవాళ్లు. చుట్టూ అందరూ సాఫ్ట్‌వేరే అయిన మోరిస్‌విల్ లాంటి ఊళ్లో మన పని ఎవరికీ అర్థం కాదు. దానికి అలవాటు పడండి.

సివిల్ చదివి ఇక్కడికొచ్చి ఈ పనిలోకి దిగుతున్న పిల్లలు కొందరు నన్ను ఏదైనా రాసిపెట్టమన్నారు. పర్మిట్లు ఎలా తెచ్చుకోవాలో రాయను, అది మీ ఆఫీసులోనే నేర్పుతారు. నేను ఏమేం సాధించానో కూడా రాయను, అది మా ఆయన చర్చిలో అందరికీ చెప్పేశాడు. ఒకే ఒక్క పని గురించి రాస్తాను. జపాన్ వాళ్ల పురాతన గాథ ఒకటి నా ఉద్యోగం ఏమిటో నాకు చెప్పిన సంగతి అది. నవ్వకండి, పూర్తిగా చదవండి.

అంతకుముందు నా మొదటి బాసు గురించి రెండు మాటలు. పార్సిప్పనీ అనే ఊళ్లో చిన్న ఆఫీసు. బాసు పేరు ఫ్రాంక్, అప్పటికే ముసలాయన, నోరు మంచిది కాదు. నేను చేరిన కొత్తలో ఒకరోజు కుండపోతగా వాన పడుతుంటే నా టేబుల్ దగ్గరికొచ్చి, "వాన పడుతుంటే ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావు?" అని అరిచాడు. నన్ను తన డొక్కు ట్రక్కులో ఎక్కించుకుని అపార్ట్‌మెంట్ కాంప్లెక్సుల పార్కింగ్ లాట్లన్నీ తిప్పాడు. గొడుగు కూడా ఇవ్వలేదు. నీళ్లు డ్రాయింగులో గీసిన బాణం గుర్తుల ప్రకారం పోవడం లేదని ఆ రోజు కళ్లారా చూశాను. ఆయన్ని ఆ రోజు తిట్టుకున్నంతగా ఎవరినీ తిట్టుకోలేదు, ఆయనకు రుణపడినంతగా కూడా ఎవరికీ పడలేదు.

లోరెటా ఇల్లు

తర్వాత నార్త్ కరోలినా వచ్చేశాం. ఇక్కడి కంపెనీలో నా బాసు డగ్. చెడ్డవాడు కాదు, పిరికివాడు. క్లయింటుకు కోపం వస్తుందంటే అమావాస్యను పౌర్ణమి అనగలడు. అతని కింద నేను చాలాకాలం పనిచేశాను, అది నా ఓపిక.

మోరిస్‌విల్‌కు కొంచెం దూరంలో ఒక జపాన్ కంపెనీ యంత్రాల విడిభాగాల ఫ్యాక్టరీ కట్టాలనుకుంది. స్థలం ఒకప్పుడు పొగాకు పొలం. దాని మధ్యగా, ఏటవాలుగా పాత కాలవ ఒకటుంది. మా డెల్టాలో దాన్ని బోదె అంటాం. మా ఊరు రేపల్లె దగ్గర, మాది వరి పొలం. బోదెలో కాళ్లు పెట్టుకుని పెరిగినదాన్ని కాబట్టి నాకు ఏ దేశంలో బోదె కనిపించినా ఆగి చూడాలనిపిస్తుంది.

ఈ బోదె కింది చివర, స్థలం దాటాక పల్లంలో ఒక ఇల్లుంది. అందులో లోరెటా అనే పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఆ ప్రాంతంలో పెద్దవాళ్లను మిస్ చేర్చి పిలుస్తారు, నేనూ మిస్ లోరెటా అనేదాన్ని. ఇంటి వెనక కోళ్ల గూడు. ఒక ఎర్ర పుంజు ఉండేది, దాని పేరు డీకన్, అంటే చర్చి పెద్ద. తెల్లారకముందే ప్రసంగం మొదలుపెడుతుందని ఆ పేరు పెట్టిందట.

"మీరు పైన ఏం కట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు హనీ," అంది నేను మొదటిసారి కలిసినప్పుడు. "మా మామగారు ఆ కాలవ తవ్వాకే ఈ ఇల్లు కట్టాడు. అంతకుముందు ఇక్కడ బురద. నేను చచ్చేదాకా ఇది పొడిగా ఉంటే చాలు."

క్లయింటు తరఫున ప్రాజెక్టు పెద్ద హయాషి గారు. బక్కపల్చని మనిషి. అప్పటిదాకా ఆయన నవ్వగా నేను చూడలేదు, చూశామని చెప్పినవాళ్లూ లేరు. మొదటి మీటింగులోనే ఆయన ప్లాను మీద వేలు పెట్టి, "ఈ కాలవ వల్ల స్థలం వృథా అవుతోంది" అన్నారు. అక్కడ ఇంకో వరస పార్కింగ్ కావాలి. డగ్ వెంటనే, "నో ప్రాబ్లం, పూడ్చేసి పైపు వేద్దాం" అన్నాడు.

మా టీమ్‌లో శ్రావ్య అని కరీంనగర్ అమ్మాయి ఉండేది. కంప్యూటర్ మోడల్ చెయ్యడంలో దానికి సాటి లేదు. ఆఫీసులో మేడమ్ అనేది, కార్లో అక్కా అనేది.

"మేడమ్, మోడల్ రన్ చేసిన. పైప్ మస్త్ సరిపోతది. ఎంత పెద్ద వానొచ్చినా ఇబ్బంది లేదు."

"ఊట పెట్టావా అందులో?"

"ఊటనా? దానికి డేటా ఏడుంది మేడమ్?"

అదీ సంగతి. మోడల్‌కు పైనుంచి పడే వాన మాత్రమే తెలుసు. నేను రెండు వారాలుగా చినుకు లేని రోజున వెళ్లి చూస్తే ఆ బోదెలో అడుగున సన్నగా నీళ్లు పారుతున్నాయి. వాన లేకుండా పారుతున్నాయంటే పై వైపు నేలలో ఎక్కడో ఊట ఉంది. ఆ పాత రైతు బోదె తవ్వింది వాననీళ్ల కోసం కాదు, ఊట నీళ్లను లాగెయ్యడానికి. దాన్ని మట్టితో పూడ్చి పైపు వేస్తే, వాన పైపులో పోతుంది సరే, ఊట నీళ్లు పైపులోకి రావు. పూడ్చిన మట్టి కింద చేరి, నానబెట్టి, పల్లంలో బయటికొస్తాయి. ఆ పల్లంలో లోరెటా ఇల్లుంది.

డగ్‌కు చెప్పాను. గుంతలు తవ్వి ఊట ఎక్కడో తేల్చుదామన్నాను. "టైమ్ లేదు కరుణా. భూమిపూజ తేదీ వాళ్లు జపాన్‌లో మంచిరోజు చూసి ఫిక్స్ చేశారు. ఆ మర్నాడు డ్రాయింగుల మీద నీ స్టాంపు పడాలి. అప్పటిదాకా క్లయింటు ముందు ఊట అనే మాట ఎత్తకు" అన్నాడు.

ఇక్కడ ఇంజనీరు స్టాంపు అంటే మన పూచీ. నేను వెయ్యనంటే అయిపోదు, డగ్ ఇంకొకరి చేత వేయిస్తాడు. నా చేతులు శుభ్రంగా ఉంటాయి, ఆవిడ ఇల్లు మాత్రం మునుగుతుంది. మార్చగలిగేది హయాషి గారు ఒక్కరే. ఆయన ముందు నోరు విప్పొద్దని ఆర్డరు.

అయ్యగారి సలహా

జపాన్ వాళ్ల భూమిపూజలో ఒక పద్ధతుంది. పూజారి మంత్రాలయ్యాక ఇసుక కుప్పలో గుచ్చిన గడ్డిని మొదట కొడవలితో కొయ్యాలి. ఆ పని ప్లాను గీసినవాళ్లది. తర్వాత యజమాని పారతో, కాంట్రాక్టరు షవల్‌తో నేలను తాకుతారు. స్థలం ప్లాను నాది కాబట్టి కొడవలి నా చేతికొచ్చింది.

మేం తెలుగు చర్చికి పోయేవాళ్లం. మా నాన్న ఊళ్లో సంఘపెద్ద. ఇంకో దేవుడి పూజలో నేను నిలబడొచ్చా? ఆదివారం ఆరాధన అయ్యాక బిర్యానీ ప్లేటు పట్టుకుని పాస్టర్ అయ్యగారి పక్కన కూర్చుని అడిగాను.

"ఉద్యోగంలో భాగమేనా అమ్మా అది?"

"అవునండి. గడ్డి కొయ్యాలి, అంతే."

"మరి మీ నాన్నగారింట్లో కొయ్యలేదా గడ్డి? కొయ్యి. మొక్కడం సంగతి నీకూ దేవుడికీ మధ్య. వాళ్లది మాత్రం ఎగతాళి చెయ్యకు. ఆ రైతా ఇటివ్వు."

ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. పక్క టేబుల్ ఆంటీలు మాత్రం నెలరోజులు మాట్లాడారు.

నకానో గారు నడిచిన దారి

పూజకు ముందురోజు పూజారి వచ్చారు. కాలిఫోర్నియాలో ఉండే నకానో గారు, అరవై దాటిన ఆడమనిషి. పూజారి ఆడమనిషి కావడం చూసి డగ్ కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. అద్దె కారు తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. పూజకు సకాకి అనే చెట్టు కొమ్మ కావాలన్నారు. ఎక్కడ దొరుకుతుందిరా బాబూ అని కంగారుపడితే, తీరా అది మన ఆఫీసుల ముందు కంచెగా నాటే క్లెయెరా అట. నర్సరీలో ఆ పేరుతోనే రెండు రకాల మొక్కలు అమ్ముతారు. ఆవిడ మొదటి కుండీ ఆకులు తడిమి పక్కన పెట్టేశారు, రెండోదాని అంచు చూసి సరే అన్నారు. ఏళ్ల తరబడి ఆ చెట్ల పక్కనే కారు పార్క్ చేశాను, ఏ రోజూ తలెత్తి చూసింది లేదు.

తర్వాత, "నేల మీద ఒకసారి నడవాలి" అన్నారు. హయాషి గారూ, నేనూ వెంట నడిచాం. నకానో గారు బోదె దగ్గర ఆగారు. దాని పొడుగునా నాటిన గులాబీ రంగు సర్వే జెండాలు చూశారు.

"ఈ జెండాలు ఏమిటి?"

"ఇంతవరకూ పూడుస్తాం" అన్నాను.

"ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?"

నేను హయాషి గారి వైపు చూసి, పల్లంలో లోరెటా ఇంటి రేకుల కప్పు చూపించాను. మాట్లాడొద్దన్నారు, చెయ్యెత్తి చూపించొద్దని ఎవరూ అనలేదు.

ఆవిడ గట్టు మీద కూర్చున్నారు. నా వైపు తిరిగి, సూర్యుడు ఒకసారి ఎందుకు దాక్కున్నాడో తెలుసా అని అడిగారు. వాళ్లకు సూర్యుడు మగవాడు కాదు, దేవత. పేరు అమతెరాసు. ఆమె తండ్రి చనిపోయిన భార్య కోసం చీకటి లోకానికి వెళ్లి, చూడకూడనిది చూసి పారిపోయి వచ్చి, ఆ మైల పోవడానికి నదిలో స్నానం చేశాడట. ఎడమ కన్ను కడుక్కున్నప్పుడు అమతెరాసు పుట్టింది. ముక్కు కడుక్కున్నప్పుడు ఆమె తమ్ముడు సుసనోవో పుట్టాడు. షింటో అనే వాళ్ల మతంలో పూజారులు ఈరోజుకీ ఏ పని మొదలుపెట్టినా ముందు ఆ స్నానాన్నే తలుచుకుంటూ శుద్ధి చేస్తారట. రేపు తను చదవబోయేదీ అదే అన్నారు.

"ఆ తమ్ముడు అక్క దగ్గరికొచ్చి గొడవ చేశాడు. మొదట ఏం చేశాడో తెలుసా? ఆమె వరి పొలాల గట్లు తెంచాడు. తర్వాత బోదెలు పూడ్చాడు."

నేను ఉలిక్కిపడ్డాను. పురాణాల్లో అన్నదమ్ములు కొట్టుకోవడం, రాక్షసులు మింగడం విన్నాం. బోదె పూడ్చడం ఎక్కడ విన్నాం? మా ఊళ్లో ఒకరి బోదె ఇంకొకరు పూడిస్తే తలలు పగిలేవి. మా నాన్న చర్చిలో ఎంత నెమ్మదస్తుడో, ఎవరైనా మా గట్టు తెంపితే అంత నిప్పులు కక్కేవాడు. అదే కోపం దేవతల కథలో, అదీ సముద్రాల అవతల.

"పాత శుద్ధి మంత్రంలో పాపాల వరస ఉండేది" అని నకానో గారు వేళ్లు మడిచారు. "గట్లు తెంచడం. బోదెలు పూడ్చడం. తూములు ఊడబీకడం. ఒకరు చల్లిన విత్తనం మీద మళ్లీ చల్లడం. ఒకరి పొలంలో అది తనదని పుల్లలు గుచ్చడం. ఇప్పుడు చాలాచోట్ల ఆ వరస చదవరు. మా గురువుగారు మాత్రం మాకు చెప్పారు."

"మరి ఆ దేవతకు కోపం రాలేదా?" అన్నాను.

"మొదట రాలేదు. తమ్ముణ్ని వెనకేసుకొచ్చింది. గట్ల వల్ల, బోదెల వల్ల నేల వృథా అవుతోందని అలా చేసుంటాడులే, అంది."

హయాషి గారు అక్కడే నిలబడి ఉన్నారు. ఆ మాట మీటింగులో అన్నది ఆయనేనని ఆవిడకు తెలియదు. ఆయన ముఖం మీద ఏమీ కదల్లేదు. అంత పాత కథలో, అమెరికాలో మా మీటింగులో అన్న మాటే ఉంది.

తమ్ముడు అంతటితో ఆగలేదు. దేవతల బట్టలు నేసే శాల మీదికి తోలు వలిచిన గుర్రాన్ని విసిరాడు. నేసే అమ్మాయి చచ్చిపోయింది. అప్పుడు అమతెరాసు గుహలోకి పోయి బండ మూసేసుకుంది. లోకమంతా చీకటి. పొలం పాడు చేయడంతో మొదలైన తప్పు లోకంలో వెలుగు లేకుండా చేసింది.

దేవతలంతా గుహ ముందు చేరి సకాకి చెట్టుకు అద్దం, పూసలు కట్టారట. ఉజుమె అనే దేవత బోర్లించిన తొట్టి మీదెక్కి, బట్టలు జారిపోతున్నా పట్టించుకోకుండా నాట్యం చేసింది. దేవతలందరూ పగలబడి నవ్వారు. నేను లేకుండా ఈ నవ్వేమిటని అమతెరాసు బండ కొద్దిగా జరిపి తొంగిచూసింది. బలమైన దేవుడొకడు చెయ్యి పట్టి బయటికి లాగాడు. ఇంకొకడు ఆమె వెనకగా తాడు కట్టి, ఇక ఇటు వెనక్కి పోవద్దన్నాడు. రేపు పూజలో కట్టబోయే ఎండుగడ్డి తాడు ఆ తాడేనట.

హయాషి గారు వాచీ చూసుకుని, "ఆలస్యమవుతోంది" అన్నారు. అంతే.

కొడవలి

మర్నాడు సన్న వాన. టెంటు వేశారు. నాలుగు మూలలా పచ్చి వెదుళ్లు నాటి, చుట్టూ తాడు కట్టి, దానికి మెలికలుగా మడిచిన తెల్లకాగితాలు వేలాడదీశారు. మధ్యలో సకాకి కొమ్మ. బియ్యం, ఉప్పు, నీళ్లు, సాకే అనే బియ్యపు సారా, కొయ్యని చేప ఒకటి, కూరగాయలు. నకానో గారు నిన్నటి అద్దె కారు మనిషి కాదు. తెల్లటి వస్త్రాల్లో, ఒక్కో అడుగూ కొలిచినట్టు వేస్తూ వచ్చారు.

అందరూ తల వంచారు. నేనూ మర్యాదకు వంచాను. అప్పుడావిడ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు, "ఓ..." అని పొడుగ్గా, నేలలోంచి మొదలై పైకి లేచినట్టు. ఆ నేలకు సంబంధించిన దేవుణ్ని కొమ్మ మీదికి పిలుస్తున్నారట. ఇంత వయసొచ్చింది, ఎన్నో ప్రార్థనలు విన్నాను, చేశాను. అలాంటి శబ్దం వినలేదు. ఆ దేవుణ్ని నేను నమ్మను. కానీ ఇంతకాలం నేను కొలిచి, కోసి, పూడ్చి, చదును చేసిన నేలలను అడగాలని నాకెప్పుడూ తట్టలేదని ఆ క్షణంలో తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, తల వంచి ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

సరిగ్గా ఆ శబ్దం మీద పల్లంలోంచి డీకన్ కూసింది. డగ్ పళ్లు కొరికాడు. నకానో గారి శబ్దం ఆగలేదు.

తర్వాత నన్ను పిలిచి కొడవలి ఇచ్చారు. కొత్తది, చెక్క కొడవలి, పూజ కోసం చేసింది. పద్ధతి ముందే చెప్పారు. గడ్డి పక్కన గాలిలో మూడుసార్లు కోసినట్టు ఊపి, ఒక్కోసారి "ఎయ్" అని అరవాలి. గడ్డి ఊరికే ఇసుకలో గుచ్చి ఉంటుంది, చివర్లో పైకి తీస్తే చాలు.

నేను ముందుకెళ్లి వంగాను. ఎడమ చెయ్యి దానంతటదే గడ్డి మొదలు పట్టుకుంది. ఊళ్లో నేర్చుకున్న చెయ్యి కదా, మెత్తగా ఊపమంటే వింటుందా? మొదటి "ఎయ్"కే కొడవలితో మొదలు పట్టి లాగాను. గడ్డితోబాటు ఇసుక కుప్ప సగం లేచి నా చీర కుచ్చిళ్ల మీద పడింది. కంగారులో నేను ఆగకుండా, మా అమ్మ పొలంలో చేసినట్టే, ఆ గడ్డిని మెలితిప్పి కట్ట కట్టి, కొసలు ఒకవైపుకు సర్ది పక్కన పెట్టేశాను. రెండో "ఎయ్"కు కొయ్యడానికి అక్కడేమీ లేదు.

చచ్చాన్రా బాబూ అనుకున్నాను.

అప్పుడు నవ్వు వినిపించింది. హయాషి గారిది. మొదట ముక్కులోంచి, తర్వాత ఆపుకోలేక, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. జపాన్ నుంచి వచ్చిన వాళ్లంతా ఆయన్ని చూసి బిత్తరపోయి, తర్వాత వాళ్లూ నవ్వారు. నకానో గారు నవ్వలేదు కానీ, పెదాలు బిగపట్టుకుని సకాకి కొమ్మ వైపు చూశారు. గుహ ముందు ఎవరి నాట్యాన్ని తలుచుకున్నారో నాకు తెలుసు. ఎండ రాలేదు, అబద్ధం చెప్పను. వాన ఇంకొంచెం పెరిగింది.

పూజయ్యాక హయాషి గారు నా దగ్గరికొచ్చారు.

"అలా కట్టడం ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా ఇంట్లో. మాది వరి పొలం."

"మాదీ." ఆయన ఆ కట్టను చేతిలోకి తీసుకుని చూశారు. "మా అమ్మ ఇటు తిప్పేది. మీరు అటు తిప్పారు."

డగ్ ఐదడుగుల దూరంలో ఉన్నాడు, నా వైపే చూస్తున్నాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని నాకు తెలుసు.

"హయాషి గారూ, ఆ బోదె వానది కాదు, ఊటది. వాన లేని రోజున నేను చూశాను. పూడిస్తే కింద ఆ ముసలావిడ ఇల్లు బురదైపోతుంది. రేపు నా స్టాంపు వెయ్యలేను."

డగ్ ముఖం మాడిపోయింది. హయాషి గారు పల్లం వైపు చూశారు. డీకన్ మళ్లీ కూసింది.

"నేల వృథా అవుతోందని అన్నది నేనే" అన్నారు. "గుంతలు తవ్వి చూడండి. ఊట ఉంటే, పార్కింగ్ వద్దు."

నకానో గారు సామాను సర్దుకుంటుంటే వెళ్లి కాగితాలు మడవడంలో సాయం చేశాను. "ఆ కోడి మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది" అన్నాను. ఆవిడ ఆశ్చర్యంగా చూశారు. "ఇబ్బందా? గుహ ముందు దేవతలు మొట్టమొదట చేర్చింది కోళ్లనే. చెట్టూ అద్దమూ నాట్యమూ అన్నీ తర్వాత. సూర్యుడు వస్తాడో రాడో తెలియని చీకట్లో ముందు కోళ్ల చేత కూయించారు" అన్నారు.

తాడు

ఊట దొరికింది. గుంత తవ్విన మర్నాటికి నిండా నీళ్లు. శ్రావ్య ఆ గుంత అంచున కూర్చుని చాలాసేపు చూసింది.

"మోడల్‌ల ఇది లేకుండె అక్కా" అంది. అది ఆఫీసు టైము, సైటులో అందరూ ఉన్నారు. అయినా అక్కా అంది.

"ఇప్పుడు డేటా ఉందిగా, పెట్టు" అన్నాను.

ప్లాను మార్చాం. బిల్డింగు కొంచెం జరిగింది, పార్కింగ్ ఒక వరస పోయింది, లారీల దారి కింద కల్వర్టు వచ్చింది. బోదె బోదెలాగే తెరిచి ఉంది. డగ్ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. తర్వాత వేరే క్లయింటు దగ్గర "మేం ఎప్పుడూ ఊట చూస్తాం" అని గొప్పగా చెప్పుకోవడం విన్నాను. బాసులు అలాగే ఉంటారు, మనసులో పెట్టుకోకండి.

పని మొదలయ్యాక యంత్రాలు బోదెలోకి దిగకుండా కాంట్రాక్టరు నారింజ రంగు వల కట్టాడు. ఒకరోజు వెళ్లేసరికి, ఊట పుట్టే చోట ఆ వల మీద పూజనాటి ఎండుగడ్డి తాడు ముక్క కట్టి ఉంది. పక్కన హయాషి గారు, బూట్ల నిండా బురద. నకానో గారికి ఫోన్ చేసి అడిగి కట్టారట. అలాంటి తాడు కడితే ఆ లోపల ఉన్నది ఇక మామూలు చోటు కాదని అర్థమట. అంతవరకూ నాకు బోదె అంటే నీళ్లు పోయే దారి. ఆ వంగిన ఎండుగడ్డి తాడు ముందు నేను టోపీ తీసి నిలబడ్డాను.

మీకు నేను చెప్పాలనుకున్నది ఇంతే. మోడల్ నేర్చుకోండి, శ్రావ్యలాగా బాగా నేర్చుకోండి. ఆ తర్వాత వాన లేని రోజున పోయి నీళ్లు ఉన్నాయేమో చూడండి. స్థలం వృథా అని ఎవరైనా అంటే, ఆ స్థలం ఎవరి కోసం వృథాగా ఉందో అడగండి. మీ నమ్మకం మీదే ఉంచుకోండి, ఎదుటివాళ్ల నమ్మకం ముందు మాత్రం తెలివి ప్రదర్శించకండి.

డీకన్ ప్రసంగం

నేను రిటైరవడానికి కొంచెం ముందు, సముద్రం వైపు నుంచి హరికేన్ తోక ఒకటి మా మీదికొచ్చి పగలూ రాత్రీ కురిసింది. చాలా రోడ్లు మూసేశారు. లోరెటా ఫోన్ ఎత్తడం లేదు. తెల్లారకముందే శ్రావ్య ఫోన్ చేసింది.

"అక్కా, నేను పోతున్న. మీరొస్తరా?"

అప్పటికి తనూ స్టాంపు ఉన్న ఇంజనీరు. తనే డ్రైవ్ చేసింది. దారిపొడుగునా పార్కింగ్ లాట్లు చెరువులు, ఒకచోట కార్లు అద్దాల దాకా మునిగి ఉన్నాయి. అంత వానకు మా లెక్కలు సరిపోతాయని ఎవరు చెప్పగలరు? ఫ్యాక్టరీ దాటి కల్వర్టు దగ్గర ఆపాం. దట్టమైన పొగమంచు, పల్లంలో ఏమీ కనిపించడం లేదు. కారు లైట్ల వెలుగులో బోదె గట్ల అంచుల దాకా నిండి, ఎర్రగా, హోరుమని పోతోంది.

"ఇల్లు కనబడ్తలేదు అక్కా" అంది శ్రావ్య.

నేను కారు అద్దం దించాను. నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు. నేను ప్రార్థన మొదలుపెట్టాను, సగంలో మాటలు మర్చిపోయాను.

అప్పుడు కింద, ఆ మంచులో, డీకన్ కూసింది. ఆ వెనకే తలుపు తెరుచుకున్న చప్పుడు, లోరెటా గొంతు: "నోరుముయ్యవయ్యా, ఇంకా సూర్యుడే లేవలేదు!"

శ్రావ్య స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చేసింది. డీకన్ ఆవిడ మాట వినలేదు. ఇంకా చీకటిగానే ఉంది, అది కూస్తూనే ఉంది.